అడ్డం, నిలువు, ఐమూల

2022 సెప్టెంబరు 2న కొచ్చిలో విక్రాంత్ నౌక నౌకాదళంలో చేరిన రోజే కొత్త నౌకాదళ పతాకం కూడా బయటికొచ్చింది. తెల్ల గుడ్డ మీద ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పోయే ఎర్రటి అడ్డపట్టీ, నిలువుపట్టీ పోయి, వాటి చోట నీలం అష్టభుజి వచ్చింది. అప్పటినుంచీ ఆ మార్పు గురించి ఎక్కడ మాట వచ్చినా ఒకే వాక్యంతో మొదలవుతుంది: జెండా మీద శిలువ తీసేశారు. ఈ మాట కొందరు సంబరంగా అంటారు, కొందరు నొచ్చుకుంటూ అంటారు. ఇద్దరి కళ్ల ముందూ ఉన్నది మాత్రం చర్చి గోపురం మీది గుర్తే.

నా పేచీ ఆ మాటతోనే. చర్చి మీది శిలువకు కింది చెయ్యి పొడుగు, మిగతా మూడూ పొట్టి. పాత నౌకాదళ పతాకంలో చేతులన్నీ గుడ్డ అంచులదాకా పోతాయి కాబట్టి కింది చెయ్యి పొడుగన్న ప్రశ్నే రాదు. అవి రెండు పట్టీలు, అంతే. ఇంగ్లండు వాళ్లు దాన్ని సెయింట్ జార్జి పేరుతో పిలుస్తారు. ఓడల మీద అది చేసిన పని మాత్రం, ఈ ఓడ ఎవరిదో దూరం నుంచే తెలియజెప్పడం. దాన్ని తీసేయడానికి మంచి కారణమే ఉంది, అది వలస పాలన గుర్తు. కానీ అది ఒక మతం గుర్తు కావడం కన్నా ఒక దేశం గుర్తు కావడం వల్లే పోయింది. తెలుగులో రెండింటికీ ఒకే మాట ఉండేసరికి రెండు వాదనలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

జెండా మీది శిలువను ముందు కొలతగా చూడాలి, అర్థం సంగతి ఆ తర్వాత. నా వాదన ఇంతే. చేతులు ఎక్కడ ఆగాయి, నడిమి కూడలి ఎక్కడ పడింది, కొసలు ఎలా తిరిగాయి, రెండు ముదురు రంగుల మధ్య ఏం పెట్టారు అన్నవి చూసుకుంటే ఏ జెండా ఎవరిదో, ఎప్పటిదో చాలామటుకు తెలిసిపోతుంది. అర్థంతో మొదలుపెడితే ఇవేవీ కంటికి ఆనవు.

చేతులు ఎక్కడ ఆగాయి

స్విట్జర్లాండు జెండానే తీసుకోండి. ఎర్ర చదరం మీద తెల్ల కూడిక గుర్తు. చేతులు అంచులను తాకవు. 1889లో వాళ్ల ప్రభుత్వం ఒక్క వాక్యంలో కొలత తేల్చేసింది: నాలుగు చేతులూ సమానం, ఒక్కో చెయ్యి పొడవు దాని వెడల్పు కన్నా ఆరో వంతు ఎక్కువ. అంటే వెడల్పు 6 అయితే పొడవు 7. మొత్తం శిలువ 7, 6, 7 కలిసి 20. ఇప్పుడు వాడే చదరం 32 పాళ్లు కాబట్టి చుట్టూ 6 పాళ్ల ఎరుపు మిగులుతుంది. 96 సెంటీమీటర్ల గుడ్డ అయితే పాలుకు 3 సెంటీమీటర్లు. చెయ్యి వెడల్పు 18, పొడవు 21, అంచుకూ చేతికీ మధ్య 18.

తప్పులు రెండు చోట్ల జరుగుతాయి. ఒకటి, ఐదు చదరాలు కలిపి కూడిక గుర్తు వేసేయడం. అప్పుడు చేతులు పొట్టిగా, బొద్దుగా కనిపిస్తాయి. ఆరో వంతే కదా అనుకుంటాం గానీ అసలుదాని పక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. రెండోది ఫ్లెక్సీ ముద్రణలో వస్తుంది. మిగతా దేశాల జెండాల వరసలో సరిపోవాలని చదరాన్ని పక్కలకు లాగుతారు. అడ్డచేతులు సాగిపోతాయి, నిలువుచేతులు లావెక్కుతాయి, నాలుగు చేతులూ సమానం అన్న నియమం గాలికి పోతుంది. పొడుగు జెండా కావాలంటే శిలువ కొలతలు అలాగే ఉంచి నేల, అంటే వెనకున్న రంగు, మాత్రమే పెంచాలి. స్విస్ పడవలకు 1941 నుంచి ఉన్న 2:3 (ఎత్తు:పొడవు) జెండా అలాంటిదే.

అంచుదాకా పోయే రకానికి డాలు బొమ్మల శాస్త్రంలో, అంటే యూరపువాళ్లు డాళ్ల మీద వేసుకున్న గుర్తుల నియమాల్లో, పాత లెక్క ఒకటుంది. శిలువ మీద ఇంకే బొమ్మా లేకపోతే దాని వెడల్పు డాలు వెడల్పులో ఐదో వంతు, బొమ్మలు వేయాల్సి ఉంటే మూడో వంతు. ఇంగ్లండు జెండాలో ఎర్రపట్టీ ఎత్తులో ఐదో వంతే. స్కాట్లండు జెండాలో మూల నుంచి మూలకు పోయే తెల్లపట్టీ వెడల్పూ అంతే. ఎవరైనా ఒకే వెడల్పు ఎందుకు వస్తోందని అడిగితే జవాబు అక్కడ ఉంది. అంతకన్నా సన్నగా ఉంటే దూరానికి గీతలా కనిపిస్తుంది, లావైతే నేల రంగును మింగేస్తుంది.

కర్ర వైపు జరిగిన నిలువు

ఉత్తర యూరపు దేశాల శిలువ జెండాలన్నీ ఒకేలా ఉంటాయనేది రంగులు మాత్రమే చూసేవాళ్ల మాట. నిలువుపట్టీ కర్ర వైపుకు జరిగి ఉంటుందన్నదొక్కటే వాటిలో ఉమ్మడి లక్షణం. గాలి తగ్గినప్పుడు జెండా ఎగిరే కొస మడతలు పడి వేలాడుతుంది, కర్ర పక్కనున్న భాగం కాస్త నిలబడుతుంది. కూడలి అక్కడ ఉంటే అప్పుడు కూడా కనిపిస్తుంది.

ఇక రంగులు పక్కన పెట్టి నలుపు తెలుపుల్లో చూద్దాం. డెన్మార్కులో ఎత్తు 12, 4, 12 పాళ్లు. పొడవులో కర్ర వైపు 12, పట్టీ 4. అంటే కర్ర పక్కనున్న రెండు గళ్లూ కచ్చితమైన చదరాలు. నార్వేలో అవి 6 పాళ్ల చదరాలు, ఐస్‌లాండులో 7 పాళ్ల చదరాలు. ఈ రెంటిలోనూ ఎగిరే వైపు గడి చదరానికి రెట్టింపు పొడవు: నార్వేకు 12, ఐస్‌లాండుకు 14. స్వీడనుకు వస్తే లెక్క మారుతుంది. ఎత్తు 4, 2, 4. పొడవు 5, 2, 9. కర్ర పక్కన గడి 5కు 4, చదరం కాదు. ఫిన్లండు కూడా ఈ బాపతే: ఎత్తు 4, 3, 4, పొడవు 5, 3, 10. కాకపోతే దాని పట్టీ ఎత్తులో నాలుగో వంతు దాటిపోతుంది, అందుకే ఆ జెండాకు కాస్త బరువైన చూపు. డెన్మార్కు పట్టీ ఏడో వంతే, అన్నిట్లోకీ సన్నం.

అంటే రంగు తీసేసినా వీటిని విడదీయొచ్చు. కర్ర పక్కన చదరం ఉందా లేదా, పట్టీ ఒకటేనా లేక లోపల ఇంకో పట్టీ ఉందా, ఎత్తులో పట్టీ ఎన్నో వంతు అన్న మూడు ప్రశ్నలు చాలు. కుట్టేవాళ్లు పప్పులో కాలేసేది కూడా ఇక్కడే. స్వీడను గుడ్డ కోసిన అచ్చుతో డెన్మార్కు జెండా కోస్తే రంగులు సరిపోయినా జెండా సరిపోదు.

డెన్మార్కు లెక్కలో ఇంకో ముచ్చట ఉంది. 1748 నాటి నిబంధన ఎగిరే వైపు గళ్లు కర్ర వైపు గళ్లకు ఒకటిన్నర రెట్లు ఉండాలంది, అంటే 18 పాళ్లు. జనం మాత్రం ఇంకా పొడుగు జెండాలు కట్టుకుంటూ పోయారు. చివరికి 1893లో పోలీసులకు ఒక ఉత్తర్వు వెళ్లింది: మిగతావన్నీ సరిగా ఉంటే, ఒకటీ ముప్పావు రెట్ల దాకా పొడుగున్నా పట్టించుకోవద్దు. అంటే 21 పాళ్లు. అందుకే ఆ జెండా పొడవు నేటికీ 34 నుంచి 37 పాళ్ల మధ్య ఎంతైనా ఉండొచ్చు. సాక్షాత్తూ ఆకాశం నుంచి పడిందని 1219 నాటి యుద్ధ కథ చెప్పే జెండాకు కొలతల్లో ఈ సడలింపు దొరికిందంటే నాకైతే ముచ్చటగానే ఉంటుంది.

ఇంటూ గుర్తులో తిరకాసు

ఐమూలగా వేసే శిలువ చూడటానికి తేలిక, వేయడానికి కష్టం. అన్నిట్లోకీ చిక్కు బ్రిటన్ జెండా. 1606లో ఇంగ్లండు ఎర్ర శిలువనూ స్కాట్లండు తెల్ల ఇంటూ గుర్తునూ కలిపారు. 1801లో ఐర్లండు పేర ఎర్ర ఇంటూ గుర్తు చేర్చారు. అప్పటికే ఐమూలల్లో తెలుపు ఉంది. దాని మీద ఎరుపును నడిమధ్యలో పెడితే స్కాట్లండు తెలుపు కాస్తా ఐర్లండు ఎరుపుకు అంచుపట్టీ అయిపోతుంది. అందుకని ఎరుపును పక్కకు జరిపారు. ఈ జరపడమే ఇప్పటికీ చాలామందికి అంతుపట్టదు.

90 సెంటీమీటర్ల ఎత్తు, 180 పొడవున్న నీలం గుడ్డ తీసుకుందాం. ఎత్తు 30 పాళ్లు, పాలుకు 3 సెంటీమీటర్లు. ముందు మూల నుంచి మూలకు రెండు గీతలు గీయాలి. ఆ గీత ఏ పట్టీకీ నడిమి గీత కాదు, రెండు పట్టీల మధ్య హద్దు. గీతకు ఒక పక్క 9 సెంటీమీటర్ల తెలుపు. రెండో పక్క గీతకు ఆనుకుని 6 ఎరుపు, దాన్ని ఆనుకుని 3 తెలుపు. అన్నీ కలిపి 18. కర్ర వైపు సగంలో వెడల్పు తెలుపు ఎరుపుకు పైన ఉండాలి, ఎగిరే వైపు సగంలో కింద ఉండాలి. ఎదురెదురు మూలల నుంచి వచ్చే ఎర్రపట్టీలు దీనివల్ల ఒకే వరసలో కలవవు, మధ్యలో మెట్టులా తప్పుతాయి. ఆ మెట్టు కనిపించకుండా చివర్లో పైనుంచి పెద్ద శిలువ వస్తుంది: 18 ఎరుపు, అటూ ఇటూ చెరో 6 తెలుపు.

కొలిచేటప్పుడు స్కేలు ఐమూల గీతకు లంబంగా పట్టాలి. గుడ్డ పొడుగు అంచు వెంబడి 6 సెంటీమీటర్లు కొలిచి ఎర్రపట్టీ కోస్తే అది సగం కన్నా సన్నమైపోతుంది. 1:2 జెండాలో 6 సెంటీమీటర్ల పట్టీ అడ్డంగా కొలిస్తే సుమారు 13.4, నిలువుగా కొలిస్తే 6.7 వస్తుంది. 3:5 జెండాకు మారితే గీత వాలు మారుతుంది, ఈ అంకెలూ మారతాయి. అందుకే 1:2 అచ్చును నొక్కి 3:5 చేయకూడదు, మొదటినుంచీ గీసుకోవాలి.

తలకిందుల సంగతి ఇంకా తమాషా. ఈ జెండా బొమ్మను కాగితం మీద వేసి కాగితాన్ని అర చుట్టు తిప్పితే, అంటే పైది కిందికి, ఎడమది కుడికి వచ్చేలా తిప్పితే, ఏమీ మారదు. అచ్చం అదే బొమ్మ. అది చూసి దీనికి తలకిందులే లేదనుకునేవాళ్లున్నారు. కర్ర మీద అలా జరగదు. కర్ర ఉన్నచోటే ఉంటుంది, గుడ్డ పై కొస కిందికి పోతుంది, అంటే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. సరిచూడ్డానికి ఒక్క చోటు చాలు: కర్ర పక్కన పై మూల. అక్కడ పైనున్న తెలుపు వెడల్పుగా ఉంటే సరి, సన్నగా ఉంటే జెండా తలకిందులు.

ఈ మార్పుల వరస మన తీరానికీ పనికొస్తుంది. 1611లో మచిలీపట్నంలో స్థావరం పెట్టిన ఈస్టిండియా కంపెనీ ఓడల జెండాకు ఎరుపు, తెలుపు చారలు ఉండేవి. కర్ర పక్కన పై మూలలో 1707కు ముందు ఒట్టి సెయింట్ జార్జి శిలువ ఉండేది. ఇంగ్లండు, స్కాట్లండు ఒక్కటయ్యాక ఆ మూలలో రెండు దేశాల కలయిక వచ్చింది. 1801 తర్వాత ఎర్ర ఐమూలలు కూడా చేరాయి. బంగాళాఖాతంలో కంపెనీ ఓడలను చూపించే పాత బొమ్మ ఏదైనా కనిపిస్తే కింద రాసిన ఏడు చూసేముందు ఆ మూల చూడండి. 1750 నాటి ఓడ అని రాసి ఎర్ర ఐమూలలు వేసి ఉంటే ఆ బొమ్మ తర్వాతి కాలంలో వేసిందన్నమాట.

మధ్యలో తెలుపు ఎందుకు

డాలు బొమ్మలవాళ్లు రంగులను రెండు జట్లు చేశారు. పసుపు, తెలుపు లోహాలు, అంటే బంగారం, వెండి. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ లాంటివి రంగులు. రంగు మీద రంగు పెట్టకూడదు, లోహం మీద లోహం పెట్టకూడదు. ఇది ఛాందసం కాదు, దూరపు చూపు లెక్క. ఎర్ర నేల మీద నీలం శిలువ పెట్టి వంద గజాల అవతలికి పోతే రెండూ కలిసి ఒకే ముదురు మచ్చ అవుతాయి. నార్వే నీలం శిలువ చుట్టూ తెల్ల అంచు నడిపించింది అందుకే. ఐస్‌లాండులో నీలం నేల, ఎర్ర శిలువ, మధ్యలో మళ్లీ తెలుపే. బ్రిటన్ జెండాలో నడిమి శిలువకు రెండు పక్కలా ఉన్న తెలుపు పని కూడా ఇదే. అది ఏ దేశానికీ గుర్తు కాదు, ఎరుపును నీలం నుంచి విడదీసే గట్టు మాత్రమే.

ఈ నియమాన్ని కావాలని మీరినవాళ్లలో పేరుమోసింది జెరూసలేం రాజ్యం డాలు. వెండి నేల మీద బంగారు శిలువ, చుట్టూ నాలుగు చిన్నవి. లోహం మీద లోహం. దూరం నుంచి ఏమీ కనిపించదు. జెండాగా చూస్తే అది విఫలమే, ఎంత పవిత్రమైనదైనా.

పేర్లను నమ్ముకుంటే

శిలువల పేర్ల జాబితాలు ఎన్నో ఉన్నాయి, వందల రకాలు లెక్కపెట్టినవీ ఉన్నాయి. కంఠతా పట్టడం వల్ల ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం. మాల్టా శిలువ అంటే కొసలు లోపలికి చీలి ఎనిమిది మొనలు తేలేది. మాల్టా జెండా మీద ఉన్నది అది కాదు. 1942లో ఆ దీవికి బ్రిటన్ రాజు ఇచ్చిన జార్జి శిలువ పతకం ఆ జెండా పై మూలలో ఉంటుంది. దాని చేతులు తిన్నగా ఉంటాయి. పేరు బట్టి వెతికినవాడికి ఈ రెండూ ఒకటే అనిపిస్తాయి, కొసలు చూసినవాడికి అనిపించవు. అలాగే చేతులు నడిమిలో సన్నగా మొదలై కొసల్లో విచ్చుకుని, కొస మాత్రం చీలకుండా ఉంటే అది వేరే రకం, పాత జర్మన్ రాజ్యం ప్రష్యా వాళ్ల ఇనుప శిలువ ఆ కోవలోది. దాన్ని మాల్టా శిలువ అనేయడం మామూలైపోయింది.

మరి అర్థం సంగతి?

ఇంతవరకూ చదివినవాళ్లు ఒక మాట అడగొచ్చు. కొలతలు సరే, జార్జియా దేశం 2004లో పెద్ద శిలువ చుట్టూ నాలుగు చిన్న శిలువలు పెట్టి జెండా మార్చుకున్నది కొలతల మీద మోజుతోనా? కాదు. అది క్రైస్తవ గుర్తే, వాళ్లు అలా అనుకునే పెట్టుకున్నారు. గ్రీన్‌లాండు 1985లో కొత్త జెండా ఎంచుకునేటప్పుడు ఆకుపచ్చ, తెలుపు శిలువ నమూనా కూడా బరిలో ఉంది. సభలో 14 ఓట్లకు 11 ఓట్లతో శిలువ లేని వృత్తం జెండా గెలిచింది. ఉత్తర దేశాల కుటుంబంలో ఉంటూనే ఆ గుర్తు వద్దనుకోవడం కొలతల గొడవ కాదు. ఈ చోట నా వాదన పూర్తిగా నిలవదు, ఒప్పుకుంటాను.

కానీ ఎదుటి పక్షానికీ చిక్కులున్నాయి. 1962లో జమైకా జెండా మీద బంగారు ఇంటూ గుర్తు వచ్చింది. ఆకారం స్కాట్లండుదే, సెయింట్ ఆండ్రూ పేరున్నదే. వాళ్లు చెప్పుకునే అర్థంలో మాత్రం సాధువు లేడు, ఉన్నది ఎండ, నేల సిరి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రానిది ఇంకా సందేహంలో పడేసే కథ. తెల్ల గుడ్డ మధ్య రాష్ట్ర ముద్ర ఉన్న జెండా గాలి లేనప్పుడు వేలాడుతూ ఓటమి ఒప్పుకున్న తెల్లజెండాలా కనిపిస్తోందని 1900లో ఎర్ర ఇంటూ గుర్తు చేర్చారు. కారణం పూర్తిగా కంటి చూపుదే. అయినా అది అమెరికా అంతర్యుద్ధం నాటి దక్షిణాది తిరుగుబాటు జెండాకు చాటుమాటు నమస్కారం అనేవాళ్లు ఉన్నారు. ఒకే పట్టీకి రెండు కారణాలూ ఉండొచ్చు.

మన నౌకాదళానికీ ఇలాంటిదే ఎదురైంది. 1950 నుంచి ఉన్న ఎర్ర శిలువను 2001 ఆగస్టు 15న తీసేసి, తెల్ల నేల మీద నీలం నౌకాదళ చిహ్నం పెట్టారు. ఉద్దేశం సరైనదే. సముద్రం మీదికి వెళ్లాక ఆ నీలం కాస్తా నీటి రంగులో, ఆకాశం రంగులో కలిసిపోతోందన్న ఫిర్యాదు వచ్చింది. 2004లో ఎర్ర శిలువ తిరిగొచ్చింది, కూడలిలో మూడు సింహాలతో. 2014లో సింహాల కింద సత్యమేవ జయతే చేరింది. అర్థం నచ్చని శిలువను కొలత కోసం పద్దెనిమిదేళ్లు భరించామన్నమాట. 2022 నాటి అష్టభుజి ఈ పాఠం కొంతవరకు నేర్చుకున్నట్టే ఉంది. ముదురు నీలం ఒకే ముద్దగా ఉంది, చుట్టూ రెండు బంగారు అంచులు ఉన్నాయి. అయినా రెండు ఎర్రపట్టీలు మైలు దూరంలో చేసే పని ఒక్క అష్టభుజి చేయగలదా అన్నది, విశాఖ తీరంలో మబ్బు పట్టిన రోజు చూస్తే తేలుతుంది. నాకు అనుమానమే.

ఆసుపత్రి గోడ మీది ఎరుపు

జెండాలతో పని లేనివాళ్లకు కూడా రోజూ కనిపించే శిలువ ఒకటుంది: తెలుపు మీద ఎర్ర కూడిక గుర్తు. మందుల షాపు బోర్డు మీద, డాక్టరు గారి కారు అద్దం మీద, ఆంబులెన్సు మీద. ఇది స్విట్జర్లాండు రంగులు తిరగేసి చేసిన గుర్తు, 1864 జెనీవా ఒప్పందం నుంచి వచ్చింది. వైద్యానికి సాధారణ గుర్తు కాదు, యుద్ధంలో గాయపడినవాళ్లను చూసేవారి మీద కాల్పులు జరపొద్దని చెప్పే గుర్తు. మన దేశంలో 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం 12వ సెక్షను కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా దీన్ని వాడకూడదంటుంది. జరిమానా 500 రూపాయల దాకా, పైగా గుర్తు వేసిన సరుకు జప్తు. ఎర్ర నేల మీద సమాన చేతుల తెల్ల శిలువను, అంటే స్విస్ గుర్తును కూడా అదే సెక్షను కాపాడుతుంది. చట్టం దాన్ని మతంతో చెప్పలేదు. చేతులు సమానమనీ, చుట్టూ ఎర్ర నేల ఉండాలనీ చెప్పింది.

స్విస్ శిలువకు ఆరో వంతు దాకా లెక్క ఉంది గానీ రెడ్‌క్రాస్ గుర్తుకు చేతుల కొలతంటూ ఒప్పందంలో కావాలనే పెట్టలేదు. పెడితే యుద్ధంలో ఎవడైనా ఆ డేరా మీది గుర్తు కొలత తప్పింది కాబట్టి కాల్చానని తప్పించుకోగలడు. దుప్పటి మీద ఎర్ర రంగుతో వంకరటింకరగా వేసినా చెల్లాలి. నా వాదనకు ఇంతకన్నా గట్టి మినహాయింపు లేదు. మందుల షాపువాళ్లు మాత్రం ఇదే గుర్తును తెలుపు మీద ఆకుపచ్చలో వేసుకుంటే చాలు, బోర్డు అందం ఏమీ తగ్గదు.